నూటికి తొంభై ఆరు

రెండు జడల పిల్ల పేరు మీద ఎర్ర సిరా గీత ఉందన్న దగ్గర మనం ఆగాం. గీత పక్కన చిన్న అక్షరాలతో ‘వేరే బడికి బదిలీ’ అని రాసి ఉంది. ఆ పిల్ల తల్లి పొద్దున ఎనిమిదింటి నుంచీ బడి వరండా మెట్ల మీద కూర్చుని అడుగుతున్నది ఒక్క కాగితమే. తన కూతురు ఈ బడి పిల్లేనని రాసి, ముద్ర వేసి ఇవ్వాలి. ఎందుకో చెప్పదు. ఇచ్చేదాకా కదలదు. రెండు నిమిషాల పనే కదా అని హాజరు పట్టీ తెరిచిన లెక్కల టీచరు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పట్టీల్లో అలాంటి గీతలు నలభై ఒకటి ఉన్నాయని మధ్యాహ్నానికి తేల్చుకుంది. నలభై ఒక్కమందీ బదిలీ అయింది ఒకే బడికి, వంతెన అవతలి బడికి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె రెండేళ్ళు పాఠాలు చెప్పిన బడి అది. దాన్ని మూసేసి ఆరేళ్ళయింది. ఇప్పుడక్కడ సిమెంటు బస్తాలు నిలవచేస్తున్నారు.

రెండు పట్టీలూ చంకన పెట్టుకుని ఆమె పెద్ద మేష్టారి గదికి బయలుదేరింది.

వరండాలో తల్లి అలాగే కూర్చుని ఉంది. కంకర క్రషర్లో రాళ్ళు మోసే మనిషి. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకునే వచ్చింది. అయినా కనుబొమల్లోనూ చెవుల మడతల్లోనూ తెల్లటి రాతిదుమ్ము అలాగే ఉంది. గంట కొట్టే తాత తన టీలో సగం ఆమెకిచ్చాడు. గ్లాసు ఒకటే కావడంతో తన వాటా ఫ్లాస్కు మూతలో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు.

“అయిందా టీచరమ్మా?” అంటూ ఆమె లేవబోయింది.

“కూర్చోమ్మా. ఇంకొంచెం పనుంది.”

“ఒక్క ముక్కే కదా రాయాల్సింది?”

“ఒక్క ముక్కే. దానికే ఆలస్యం.”

“ఆఫీసు కాగితం తల్లీ అది. పురిటినొప్పులు పడందే బయటికి రాదు. నువ్వు టీ తాగు, చల్లారిపోతుంది,” అన్నాడు తాత.

తల్లి నవ్వలేదు. గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

వరండా పొడవునా గదులు ఇరవై రెండు. వాటిలో తాళం తీసేవి తొమ్మిది. మిగతా వాటి కిటికీల్లోంచి చూస్తే ఒకదాని మీద ఒకటి తలకిందులుగా పేర్చిన బల్లలు కనిపిస్తాయి. ఈ టీచరు కూడా ఈ బడిలోనే చదువుకుంది. ఆ రోజుల్లో నలుగురు కూర్చునే బల్ల మీద ఆరుగురు ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. నూలు మిల్లు సైరనూ బడి గంటా ఒకేసారి మోగేవి. తండ్రులు అటు, పిల్లలు ఇటు. తరవాత మిల్లు మూతపడింది. మిల్లు క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఉన్నవాళ్ళలో కొట్లున్నవాళ్ళూ, నెల జీతాలున్నవాళ్ళూ పిల్లల్ని పెద్ద రోడ్డు మీది ప్రైవేటు బడికి మార్చారు. రోజూ పొద్దున పసుపురంగు వ్యాను ఈ బడి గేటు ముందునుంచే హారన్ కొట్టుకుంటూ పోతుంది.

ఆ తరవాత కొండ వెనకాల క్రషర్లు వచ్చాయి. వాటితోపాటే రేకుల షెడ్లూ, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులూ. వాళ్ళింట్లో మాట వేరు, వీధిలో మాట వేరు. వాళ్ళ పిల్లలు అయిదో తరగతికి ఇక్కడి మాట నేర్చుకుంటారు. ఏడుకి వచ్చేసరికి టీచర్లకు పేర్లు పెట్టేంత బాగా వస్తుంది. పరీక్ష కాగితం మాత్రం వాళ్ళతో మాట్లాడదు. ఇప్పుడు తరగతిలో పదిమందిని లేపి నిలబెడితే ఏడుగురు ఆ షెడ్ల పిల్లలే.

జూన్‌లో బడి తెరిచినప్పుడు బల్లలు బోసిగా ఉండటం ఆమె చూసింది. అడిగింది కూడా. “ఏముంది అమ్మాయ్, ఇంకో క్వారీకి వలసపోయి ఉంటారు,” అన్నాడు పెద్ద మేష్టారు. ఏటా కొందరు అలా పోతూనే ఉంటారు కాబట్టి నమ్మింది. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి కూడా నమ్మింది. ఆ సంగతి ఇవాళ పట్టీ తిరగేస్తుంటే తెలిసింది. గీత పడిన పేర్లలో ఊళ్ళోని బజారు వీధి పిల్లలెవరూ లేరు, అందరూ షెడ్లవాళ్ళే.

పెద్ద మేష్టారి గదిలో గోడ మీద నల్లరంగు పలక. దాని మీద ఏడాదివారీగా పదో తరగతి ఫలితాలు. చివరి మూడు అంకెలూ ఆయన స్వయంగా కుంచెతో దిద్దినవి. నలభై ఏడు, డెబ్బై ఒకటి, తొంభై ఆరు. చివరిది మిగతా వాటికన్నా కాస్త పెద్దగా ఉంది. అదే అంకె బయట గేటు మీద కూడా ఉంది.

“రా అమ్మాయ్,” అన్నాడాయన తలెత్తకుండా. ఒకప్పుడు ఆమెకు లెక్కలు నేర్పినవాడు. ఆమె తోటివాళ్ళ ముందు ‘టీచరు గారూ’ అంటాడు, ఇద్దరే ఉన్నప్పుడు ‘అమ్మాయ్’. “ఆ బల్ల ఫ్యాను నీవైపు తిప్పుకో. ముసలివాడికి గాలి దండగ.”

ఆమె ఫ్యాను ముట్టుకోలేదు. పట్టీలు రెండూ ఆయన ముందు తెరిచి పెట్టింది.

“మేష్టారూ, వంతెన బడి మళ్ళీ తెరిచారా?”

ఆయన చేతిలో పెన్ను ఆగింది. దానికి మూత పెట్టాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా బల్ల మీద ఉంచాడు.

“లేదు. తెరవలేదు. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదమ్మా నాకు. ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను. నువ్వే అడుగుతావనుకున్నాను. మూడు నెలలు పట్టింది.”

ఆ చివరి మాట ఆమెకు చురుక్కుమంది.

“ఎందుకు చేశారు?”

“ఆ మొదటి అంకె చూడు. నలభై ఏడు. మూడేళ్ళు వరసగా యాభై దాటకపోతే బడి మూసెయ్యమని పైనుంచి కాగితం. అప్పటికే రెండేళ్ళు పోయాయి. నీకు తెలుసుగా, ఆ ఏడు మనం ఎంత చాకిరీ చేశాం. పొద్దున ఆరింటికి క్లాసులు, సాయంత్రం క్లాసులు. నువ్వు జ్వరంతో కూడా వచ్చావు. ఎంత చేసినా యాభై దగ్గర ఆగిపోయింది బండి. అప్పుడు...” అని ఆగాడు.

“అప్పుడు బండి తేలిక చేశారు.”

“ఆరుగురిని. మొదటి ఏడు ఆరుగురే. తరవాతేడు పదకొండుమంది. గట్టెక్కాం. గట్టెక్కడం రుచి మరిగాను. ఈసారి తరగతి చూస్తే సగానికి సగం షెడ్లవాళ్ళే. భయమేసింది. ఎనిమిదిలోనే ఏరేస్తే పదిలో తలనొప్పి ఉండదనుకున్నాను.”

“బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చెబుతున్నారు మేష్టారూ.”

“ప్రైవేటుగా కట్టి పరీక్ష రాసుకోమని చెప్పాను. ఊరికే వదిలెయ్యలేదు. ప్రతి షెడ్డుకీ పోయి చెప్పాను.”

“ఏ భాషలో చెప్పారు?”

బల్ల ఫ్యాను అటు తిరిగి, ఇటు తిరిగి, పట్టీలో కాగితాలను ఎత్తి దించింది. ఆయన వాటి మీద అరచెయ్యి ఆనించి పట్టుకున్నాడు.

“సరే, అడిగావు కాబట్టి మిగతాదీ విను,” అన్నాడు. “రేపు పదింటికి పై ఆఫీసరు వస్తున్నాడు. తలలు లెక్కపెట్టడానికి. నూట డెబ్బై అయిదుమంది లేని బడి ఎత్తేసి పక్క బడిలో కలిపేస్తారట. పక్క బడి అంటే పదకొండు కిలోమీటర్లు. ఆ కాగితం జూన్‌లో వచ్చింది. నేను ఏప్రిల్లో గీతలు కొట్టాను. ఇప్పుడు మన దగ్గర ఎంతమంది?”

“నూట అరవై మూడు.”

“నూట అరవై మూడు. కొట్టేసినవాళ్ళతో కలిపితే రెండువందల నాలుగు.” ఆయన నవ్వబోయాడు గాని పెదవులు సహకరించలేదు. “ఎలకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నాడట ఒకడు. నన్ను చూసే అని ఉంటారు. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసమ్మా నాది. ఒక కాగితం శాతం అడుగుతుంది. ఇంకో కాగితం తలలు అడుగుతుంది. ఫలానా పిల్ల ఎందుకు రావటం లేదు అని అడిగిన కాగితం ఈ ముప్ఫై అయిదేళ్ళలో ఒక్కటీ రాలేదు.”

“కాగితం అడక్కపోతే మనం అడగకూడదా?”

“అడగాలి,” అన్నాడు. “అడగాల్సింది.”

సొరుగు లాగి ఆయన ఒక కొత్త పట్టీ తీశాడు. అట్ట ఇంకా గోధుమరంగు కాగితం వాసన వేస్తోంది. లోపల పేర్లన్నీ ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి ఉన్నాయి. రెండువందల నాలుగు. గీతలు లేవు. చివరి పేజీలో ‘లెక్క సరిచూసినవారు’ అన్న చోట ఖాళీ.

“నువ్వు సంతకం పెట్టాలి. రేపు రానివాళ్ళకి జ్వరాలని చెబుదాం.”

“నలభై ఒక్కమందికీ ఒకేరోజు జ్వరమా?”

“వానాకాలం కదా. రాసి ఉంటే నమ్ముతారు. రాయకపోతే ఎదురుగా మూలుగుతున్నా నమ్మరు.”

ఆమె ఆ పట్టీని చేత్తో కూడా తాకలేదు. “తప్పుతారని పేర్లు తీసేశారు. ఇప్పుడు తలలు కావాలని పేర్లు ఎక్కిస్తున్నారు. మనుషులు మాత్రం రెండుసార్లూ బయటే ఉన్నారు. నేను పెట్టను మేష్టారూ.”

“పెట్టకు. నిజమే రాయి.” ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే ఆమెకు తేలికయ్యేది. “నూట అరవై మూడు అని రాయి. రేపు సాయంత్రానికి గేటుకి తాళం. ఆ నూట అరవై మూడుమందిలో పదకొండు కిలోమీటర్లు పోయి చదువుకునేవాళ్ళు ఎంతమంది? లెక్కల టీచరువి కదా, వేసి చెప్పు. ఆడపిల్లల్లో ఎంతమంది?”

ఆమె వేసింది. ఆ లెక్కకు కాగితం అక్కర్లేదు. ఒక్కొక్క ముఖమే కళ్ళ ముందుకొచ్చి, తల అడ్డంగా ఊపి పోయింది.

“బదిలీ కాగితాలు చూపించండి,” అంది చివరికి. “వంతెన బడికి రాసినవి. వాటి నకళ్ళు.”

“వద్దమ్మా.”

“చూపించండి.”

“చూసి ఏం చేస్తావు? పాత కాగితాలు అవి.”

ఆయన ఎందుకు వద్దంటున్నాడో ఆమెకు అర్థం కాలేదు. ఇంత ఒప్పుకున్న మనిషి ఇంకేం దాస్తాడు? తనే లేచి ఇనప బీరువా తెరిచింది. కింది అరలో, నాడాతో కట్టిన కట్ట. నాడా విప్పి మొదటి కాగితం చూసింది. రెండోది చూసింది. మూడోది చూస్తూ అక్కడే, బీరువా ముందు నేల మీద కూర్చుండిపోయింది.

ప్రతి కాగితం కింద, పెద్ద మేష్టారి సంతకానికి ఎడమపక్కన, ‘పరిశీలించితిని’ అన్న చోట ఆమె సంతకం ఉంది. దొంగ సంతకం కాదు. చివరి అక్షరం తోక కాస్త పైకి తిరిగిన, అచ్చమైన తన సంతకమే.

రెండేళ్ళ కిందట ఆ ఏర్పాటు చేసింది తనే. అప్పటిదాకా బడి మారే పిల్లల తల్లిదండ్రులు కాగితం కోసం ఒకరోజు వచ్చి అర్జీ పెట్టి, ఇంకోరోజు వచ్చి తీసుకునేవాళ్ళు. క్రషర్లో రెండు రోజులు పని మానేస్తే మూడోరోజు గేటు దగ్గరే ఆపేస్తారు. ఒక తండ్రి అలా పని పోగొట్టుకున్నాక, ఆమె వంద ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు చేసి ఆఫీసు గుమాస్తాకి ఇచ్చింది. ఎవరొచ్చినా అప్పటికప్పుడు పేరు నింపి ఇచ్చెయ్యమంది. స్టాఫు మీటింగులో పెద్ద మేష్టారు ఆ సంగతి చెప్పి, ‘రూల్సు అందరికీ తెలుసు, జనం కష్టం ఈ అమ్మాయికి తెలుసు’ అని మెచ్చుకున్నాడు. తరవాత గుమాస్తా రిటైరయ్యాడు. మిగిలిన ఫారాలు ఈ బీరువాలోకి వచ్చాయి. వాటి సంగతి ఆమె మరిచేపోయింది.

“నన్ను అడగొచ్చుగా,” అంది.

“అడిగితే పెట్టవు.”

“అందుకని అడగలేదు.”

“అవును.”

ఆయన కుర్చీలోంచి లేచి వచ్చాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాడు. చెదిరిన కాగితాలు ఒక్కొక్కటే తీసి, అంచులు కలిపి, కట్టగా పెట్టాడు.

“ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, నీకు తెలియకుండా నేనే వాడానని చెబుతాను. ఇప్పుడే రాసిస్తాను కావాలంటే. నీకు మచ్చ రానివ్వను.”

అది ఉత్తుత్తి మాట కాదని ఆమెకు తెలుసు. రాసిస్తాడు. ఉద్యోగం పోయినా సరే రాసిస్తాడు. ఆ మంచితనం ఇప్పుడు ఆమెకు ఊపిరాడనివ్వలేదు.

“రాసిస్తే నాకు ఉద్యోగం మిగులుతుంది. వాళ్ళకేం మిగులుతుంది?” అని లేచింది. “రేపు పదింటికి మీకు తలలే కదా కావాలి? దొంగ పేర్లెందుకు, నిజం తలలే తెస్తాను. షెడ్లకి పోయి వాళ్ళనే పిలుచుకొస్తాను.”

“వద్దు!” అన్నాడాయన. ఆ గదిలో ఆయన గొంతు పెరగడం అదే మొదలు. “అటువైపు పోకు.”

“ఎందుకు?”

“పోవద్దంటున్నాను. చెప్పిన మాట విను అమ్మాయ్.”

“చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను మేష్టారూ,” అని ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది.

తల్లి మెట్ల మీదే ఉంది. టీచరు ఆమె పక్కన కూర్చుంది. మాటలు వెతుక్కుంటే అబద్ధం దొర్లుతుందేమోనని, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఏప్రిల్లో పేరు తీసేశారు. తప్పుతుందని తీసేశారు. తీసేసిన కాగితం మీద తన సంతకం ఉంది.

తల్లి తన పాదాల వంక చూసుకుంది.

“అంటే నా పిల్ల ఈ బడి పిల్ల కాదా?”

“కాగితం మీద కాదమ్మా.”

“కాగితం మీద కాకపోతే ఇంకెక్కడా కానట్టే టీచరమ్మా, మాలాంటోళ్ళకి.” ఆమె ఏడవలేదు. అరిచినా బాగుండేదనిపించింది టీచరుకు. “అది లెక్కలు బాగా చేస్తది అన్నారు మీరే. వాళ్ళ నాన్నతో అన్నారు. ఆ మాట ఆయన షెడ్డు షెడ్డుకీ తిరిగి చెప్పుకున్నాడు. గుర్తుందా?”

గుర్తుంది. ఆ పిల్ల నిజంగానే బాగా చేసేది. లెక్కల్లో నలభైకి ముప్ఫై ఏడు. భాషలో తొమ్మిది.

“ఇంకెంతమంది?” అంది తల్లి.

“నలభై ఒక్కమంది. మీ అమ్మాయితో కలిపి.”

“అయితే ఆ మాట నాకొక్కదానికే చెప్పి ఊరుకుంటే ఎట్లా? రండి. పని దిగే వేళయింది. అందరికీ చెబుదురుగాని.”

“నన్ను కొడతారేమో,” అంది టీచరు. నవ్వులాటకి కాదు, నిజంగానే.

“కొడితే కొడతారు,” అంది తల్లి. “నేనుంటా కదా పక్కన.”

కొండ దారిలో లారీలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. లారీ వచ్చినప్పుడల్లా తల్లి తను రోడ్డువైపుకి జరిగి, టీచరుని లోపలి అంచుకి నడిపిస్తోంది. ఇంత జరిగాక కూడా ఆమె కాళ్ళు ఆ పని వాటంతట అవే చేస్తున్నాయి. టీచరు అది చూసింది. చూసి తల వంచుకుని నడిచింది.

అయిదింటికి సైరన్ మోగింది. యంత్రం ఆగినా దాని రొద ఇంకా చెవుల్లోనే ఉంది. గేటులోంచి మనుషులు బయటికి రాసాగారు. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ ఒకే రంగు. బూడిదలో పొర్లి లేచినట్టున్నారు. ఎవరు ఎవరో, ఎవరిది ఏ వయసో పోల్చుకోలేక ఆమె గేటు పక్కన నిలబడిపోయింది.

“గుడ్ మార్నింగ్ టీచర్!”

పొద్దు కుంకబోతోంది. ఆ గుంపులోంచే ఎవరో, అలవాటు చొప్పున, బడిలో అన్నట్టే సాగదీసి అన్నారు. ఇంకో గొంతు అందుకుంది. ఇంకోటి. బూడిదరంగు మనుషుల్లోంచి కొందరు విడిపడి ఆమె ముందుకొచ్చారు. దగ్గరికి వస్తే కళ్ళు తెలిశాయి. తొమ్మిదో తరగతి చివరి బల్ల. ఎనిమిదో తరగతి కిటికీ పక్క బల్ల. అందరికన్నా పొడుగ్గా ఉన్నవాడు తోటిపిల్లలు ‘నిచ్చెన’ అని ఏడిపించే కుర్రాడు. నెత్తి మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకుంటున్నాడు. ఎవరూ చెప్పకుండానే, ప్రార్థనకు నిలబడ్డట్టు, పొట్టివాళ్ళు ముందూ పొడుగువాళ్ళు వెనకా వరస కట్టారు.

వాళ్ళ వెనకాల తల్లిదండ్రులు మూగారు. టీచరు మళ్ళీ మొత్తం చెప్పింది. ఆమె మాటల్ని తల్లి తమ భాషలోకి మార్చి చెబుతూ వచ్చింది. ‘సంతకం నాదే’ అన్న ముక్క దగ్గర మాత్రం ఆగి, ఆమె వంక ఒకసారి చూసి, అప్పుడు చెప్పింది.

గుంపులో సణుగుడు లేచింది. ఒకతను ఉమ్మేశాడు. ఎవరూ కొట్టలేదు.

“మళ్ళీ తీసెయ్యరని నమ్మకమేంటి?” అంది ఒక ముసలామె.

“నమ్మకం లేదవ్వా. రేపు పొద్దున మీ ఎదురుగానే పేర్లు రాస్తాను. మీరే చూసుకోండి. నా చేతిలో ఉన్నది అంతవరకే.”

“ఎదురుగా రాస్తే మాత్రం మాకు చదవొస్తదా?”

“మాకొస్తదిలే నానమ్మా,” అంది వరసలోంచి ఒక పిల్ల. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో గుంపు కాస్త మెత్తబడింది. ఒక తండ్రి కొడుకు భుజం మీద చెయ్యి వేసి ముందుకి నెట్టాడు. రేపు పంపిస్తానన్నట్టు.

టీచరు వరస లెక్కపెట్టింది. ఇరవై మూడుమంది. నూట అరవై మూడూ ఇరవై మూడూ నూట ఎనభై ఆరు. నూట డెబ్బై అయిదు దాటింది. బడి నిలుస్తుంది. దొంగ పేరు ఒక్కటి లేకుండా నిలుస్తుంది. ఆమె గేటు ఊచ పట్టుకుంది. ఇక వెనక్కి తిరిగి, ఆ మాట పెద్ద మేష్టారికి చెప్పి, ఇంటికి పోయి పడుకోవచ్చు. ఆయనకు కావలసిన అంకె దొరికింది. ఆమెకు కావలసినదీ దొరికింది.

కాని వరసలో రెండు జడల పిల్ల లేదు.

“మిగతా పద్దెనిమిదిమందీ ఏరి?” అంది.

ముసలామె తల పక్కకి తిప్పుకుంది. తల్లి మాత్రం ఆమెనే చూస్తోంది.

“ఆ మాట అడుగుతారా లేదా అని చూస్తున్నా,” అంది. “లెక్క సరిపోయింది కదా, అడగరేమో అనుకున్నా.”

“ఏరమ్మా?”

“రెండు నెలలయింది. ఇదే ఓనరుకి ఇంకోచోట క్వారీ ఉందంట. అక్కడ బడి కూడా ఉంది, సగం పూట పని, సగం పూట చదువు అన్నారు. మేం పనిలో ఉండగా లారీ ఎక్కించారు. వారం వారం ఫోను చేయిస్తామన్నారు. ఒక్కసారి చేయించారు. ఏ ఊరంటే చెప్పరు. గట్టిగా అడిగితే, బడి పిల్లల్నయితే మేం తీసుకుపోం, వాళ్ళు ఏ బడి పిల్లలో కాగితం పట్రా, వెనక్కి పంపుతాం అన్నాడు మేస్త్రీ.” ఆమె టీచరు చెయ్యి పట్టుకుంది. “అందుకే టీచరమ్మా ఆ ఒక్క ముక్క రాయమన్నది.”

అప్పుడు నిచ్చెన వరస దాటి ముందుకొచ్చాడు. చేతిలో గుడ్డను పిండుతున్నాడు.

“పెద్ద సారు మీకు చెప్పలేదా టీచర్?”

“ఏమిటి చెప్పేది?”

“ఆ రోజు సారు వచ్చారు. ఎవరు చెప్పారో ఏమో, సైకిలు మీద వచ్చేశారు. లారీ కదలబోతుంటే చక్రాల ముందు అడ్డంగా పడుకున్నారు. ఆ గుంటలో, అక్కడ.”

గుంపు ఒక్కసారిగా అటు తిరిగింది. ఆ సంగతి పెద్దవాళ్ళెవరికీ తెలియదని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి.

“ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా!” అని తల్లి వాడి చొక్కా పట్టుకుంది.

“చెప్తే మమ్మల్ని కూడా ఎక్కిస్తానన్నాడు మేస్త్రీ, పిన్నీ.”

“లారీ ఆగిందా?” అంది టీచరు.

“ఆగింది టీచర్. మేస్త్రీ దిగి, వీళ్ళు మీ బడి పిల్లలు కారని మీరే రాశారు కదా సారూ, లేవండి అన్నాడు. సారు కాసేపు అట్లాగే పడుకుని ఉన్నారు. తరవాత లేచారు. చొక్కా కూడా దులుపుకోలేదు. లారీ వెనకవైపుకి పోయి, తలుపు గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో ఊపి చూశారు. లోపలున్నోళ్ళని అంచున కూర్చోవద్దన్నారు.”

అవతల షెడ్లలో ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“తరవాత?”

“డ్రైవరు దగ్గరికి పోయి లారీ ఏ ఊరు పోతోందని అడిగారు. వాడు చెప్పింది నాకు వినపడలేదు. సారు జేబులోంచి పెన్ను తీసి, ఆ ఊరి పేరు అరచేతిలో రాసుకున్నారు టీచర్. నేను చూశాను.”